అరటిపండు కేకులో చేప ముక్కలు

ఆ వంటల మాసపత్రికకు ఆఫీసంటే టైర్ల కొట్టు పైన రెండు గదులు. ముందు గదిలో పెద్దాయన కూర్చుంటారు. పత్రిక ఆయనదే. వెనక గదిలో పేజీలు కట్టే కంప్యూటరు, పాత సంచికల కట్టలు, కిటికీ పక్కన ఒక బల్ల. ఆ బల్ల దగ్గర పంతొమ్మిదేళ్ళుగా ఒకావిడ పనిచేస్తోంది. పాఠకుల ఉత్తరాలు విప్పడం, చదవడం, కత్తిరించి 'మీ మాట' పేజీలో వేయడం ఆవిడ పని. అందుకని ఆఫీసులో అందరికీ ఆవిడ ఉత్తరాలక్క. పెద్దాయనకు మాత్రం ఇంకా అమ్మాయే. ఆవిడకు యాభై రెండేళ్ళు.

ఉత్తరాలక్క ఏ ఉత్తరాన్నీ వెంటనే చదవదు. ముందు కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుంటుంది. తర్వాత వాసన చూస్తుంది. మరక ఉంటే కుడిపక్కన పెడుతుంది, లేకపోతే ఎడమపక్కన. నూనె వేలిముద్రో, పిండో, పాలచుక్కో, ఏదో ఒకటి ఉండాలి. పొయ్యి పక్కన పత్రిక తెరిచి పెట్టుకుని వండినవాళ్ళు చెయ్యి సరిగ్గా తుడుచుకోకుండానే కలం పట్టుకుంటారని ఆవిడ అనుభవం. తెల్లగా, మడత నలగకుండా, 'మీ పత్రిక నానాటికీ మెరుగవుతోంది' అంటూ వచ్చేవి వండనివాళ్ళ ఉత్తరాలు. వాటిలో సగం అచ్చులో పేరు చూసుకోవాలనుకునేవాళ్ళవి. మిగతా సగం పెద్దాయన బావమరిదివి.

ఈ కిటుకు ఆవిడ ఎవరికీ చెప్పలేదు. మాటలో మాటగా ఇంకో సంగతి కూడా బయటపడుతుందని భయం. ఉత్తరాలక్కకు వంట రాదు.

రాదంటే బొత్తిగా రాదు. పెళ్ళైన కొత్తలో మూడు రోజులు ప్రయత్నించింది. నాలుగో రోజు భర్త మారు మాట్లాడకుండా ఆవిడ చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. ముప్ఫై ఏళ్ళయింది, తిరిగి ఇవ్వలేదు. ఆయన ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చూస్తాడు. మూడింటికల్లా ఇల్లు చేరి వంట మొదలుపెడతాడు. భార్యకు ఈ పత్రికలో ఉద్యోగం దొరికిన రోజున "నీకా? వంటల పత్రికలోనా?" అని కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆవిడ తెచ్చే సంచికల్లోంచి ఇంతవరకు ఒక్కటీ వండలేదు. "అందులోది చేశానంటే రేపు మన సంసారం మీద కూడా ఉత్తరాలొస్తాయి" అంటాడు.

బండి అలా సాగిపోతుండగా పెద్దాయన అల్లుడు ఆఫీసుకు రావడం మొదలుపెట్టాడు. మంచి పిల్లవాడే. ఎదుటివాళ్ళు చెప్పేది తల ఊపుతూ వింటాడు, విన్నాక తను అనుకున్నదే చేస్తాడు. వచ్చిన నెలలోనే ప్రతి వంట కింద ఒక నల్లటి చదరపు గుర్తు వేయించాడు. దాన్ని ఫోనుకు చూపిస్తే ఐదు నక్షత్రాలు వస్తాయి. నచ్చినన్ని నొక్కొచ్చు.

"ఇంక జనం ఉత్తరాలు రాయరక్కా. నొక్కుతారు" అన్నాడు.

"నొక్కి?"

"అంతే. నొక్కడమే అభిప్రాయం."

"బాగోలేకపోతే ఎందుకు బాగోలేదో ఎక్కడ నొక్కాలి బాబూ?"

"అది వాళ్ళకు తెలుసు కదక్కా."

పెద్దాయన ఎవరి మాటా తీసెయ్యలేక మూడు నెలల గడువు పెట్టారు. మూడో సంచిక వచ్చాక నక్షత్రాలే నయమని తేలితే 'మీ మాట' పేజీ తీసేస్తారు. "నీకు ఇంకేదైనా పని చూద్దాంలే అమ్మాయ్" అన్నారు. రెండు గదుల్లో ఇంకే పని ఉందో ఆయనకూ తెలియదు, ఆవిడకూ తెలియదు. ఆ సాయంత్రం ఉత్తరాలక్క మెట్లు దిగుతూ టైర్ల కొట్టు వైపు చూసింది. అక్కడ కూడా తనకు చేతనైన పని కనిపించలేదు.

మూడో సంచిక పనిలో ఉండగా ప్రూఫులు చూసే ఆయన కంటి ఆపరేషనుకు వెళ్ళాడు. "నువ్వు చూసేయమ్మాయ్, నీకు తెలియని వంటా?" అన్నారు పెద్దాయన. ఆవిడ ఎర్ర కలం తీసుకుంది. కుడితిలో పడ్డ ఎలుకలా కాసేపు కొట్టుకుంది గానీ, అక్షరాలు తెలుసు కదా అని ధైర్యం చెప్పుకుంది.

ఆ సంచికలో పద్నాలుగో పేజీలో అరటిపండు కేకు ఉంది. పదిహేడో పేజీలో చేపల సూపు. రెండింటికీ చోటు చాలక 'తరువాయి 42వ పేజీలో' అని వేశారు. నలభై రెండో పేజీ కట్టేటప్పుడు ఆ రెండు తోకలూ తారుమారయ్యాయి. అరటిపళ్ళు మెత్తగా చిదిమి, పంచదార, గుడ్లు, మైదా కలిపినవాళ్ళు పేజీ తిప్పితే, 'ఇందులో చేప ముక్కలు వేసి, మిరియాల పొడి చల్లి, మూతపెట్టి ఇరవై నిమిషాలు మరిగించాలి' అని ఉంది. చేపను వెల్లుల్లితో ఉడికించినవాళ్ళు పేజీ తిప్పితే, 'దీన్ని వెన్న రాసిన పళ్ళెంలో పోసి ఓవెన్‌లో నలభై నిమిషాలు ఉంచి, చల్లారాక పంచదార పొడి చల్లి ముక్కలు కోయండి. పుట్టినరోజులకు బాగుంటుంది' అని ఉంది.

ఉత్తరాలక్క రెండూ శ్రద్ధగా చదివింది. 'చేప ముక్కలు వేసి' అన్నచోట కామా లేదు. పెట్టింది.

పత్రిక బజారులోకి వెళ్ళిన పది రోజులకు ఉత్తరాలు రాసాగాయి. ముప్ఫై ఎనిమిది. ఒక్కటీ ఎడమపక్కకు వెళ్ళలేదు. కొన్నిటిని ఆరవేయాల్సి వచ్చింది.

ఒకావిడ రాసింది: 'చేప ఎప్పుడు వేయాలో రాశారు, ఎందుకు వేయాలో రాయలేదు.' ఇంకొకావిడ: 'మా వారు తిన్నారు. ఏమీ అనలేదు. ఆయన ఎప్పుడూ ఏమీ అనరు. మీరైనా చెప్పండి, ఇది ఇలాగే ఉండాలా?' ఒక లారీ డ్రైవరు: 'నేను చదువుకోలేదు, మా అమ్మాయి చదివి వినిపించింది. దాన్ని అనుమానించి తిట్టాను. ఇప్పుడు నేనే చదవడం నేర్చుకుంటున్నాను.' ఒక తాతగారు మనవడి పుట్టినరోజుకు సూపు చేశారు. ఓవెన్‌లో ఎంతసేపు పెట్టినా గట్టిపడలేదట. 'అయినా మీ మీద నమ్మకంతో కొవ్వొత్తులు గుచ్చాను. మునిగిపోయాయి' అని రాశారు.

ఉత్తరాలక్కకు ఏదో జరిగిందని అర్థమైంది. ఏం జరిగిందో అర్థం కాలేదు. సంచిక తీసుకుని ఇంటికి వెళ్ళింది. భర్త పొయ్యి దగ్గర ఉన్నాడు.

"ఏవండీ, అరటిపండు కేకులో చేప వేస్తారా?"

ఆయన గరిటె ఆపాడు. "ఎవరు?"

"మామూలుగా."

"మామూలుగా ఎవరూ వెయ్యరు. కోపంగా ఉన్నా వెయ్యరు."

ఆవిడ పత్రిక తెరిచి పద్నాలుగో పేజీ చూపించింది, తర్వాత నలభై రెండో పేజీ చూపించింది. ఆయన చదివి, పొయ్యి కట్టేసి, కుర్చీలో కూర్చున్నాడు.

"దీన్ని ఎవరూ చూడలేదా అచ్చుకు ముందు?"

ఆవిడ పత్రిక మెల్లగా మూసింది.

"ఓహో" అన్నాడు ఆయన.

సోమవారమే లెక్క తేలే రోజు. నక్షత్రాల్లో ఆ అరటిపండు కేకే మొదటి స్థానంలో ఉంది. రెండు వందల పదకొండు మంది నొక్కారు, దాదాపు అందరూ ఐదే. ఉత్తరాలు బయటపెడితే ఆ నక్షత్రాల సంగతి తేలిపోతుంది, పేజీ బతకొచ్చు. కానీ తప్పు ఎవరిదని అడుగుతారు, ఎలా చూశావని అడుగుతారు. దాచేస్తే పేజీ పోతుంది, దాంతోపాటు తనూ పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అంటే ఏమిటో యాభై రెండో ఏట బాగా తెలిసొచ్చింది.

"చెప్పెయ్" అన్నాడు భర్త. "పోతే ఉద్యోగమేగా పోయేది. తిండికి లోటేముంది, ఇంట్లో వంటమనిషి ఉన్నాడు."

సోమవారం పెద్దాయన గదిలో ముగ్గురూ కూర్చున్నారు. అల్లుడు ఫోను చూస్తూ లెక్కలు చెప్పాడు. అరటిపండు కేకు దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త పెరిగింది.

"బాబూ, అది ఎలా చెయ్యాలో ఒకసారి పైకి చదువుతారా?" అంది ఉత్తరాలక్క.

అల్లుడు పత్రిక తీసి హుషారుగా మొదలుపెట్టాడు. పేజీ తిప్పాడు. చేప దగ్గర నెమ్మదించాడు. మిరియాల దగ్గర ఆగిపోయాడు.

"రెండొందల పదకొండు మంది నొక్కారు కదక్కా" అన్నాడు చివరికి.

"బొమ్మ బాగుంది బాబూ."

పెద్దాయన పత్రిక లాక్కుని తనే చదువుకున్నారు. "ప్రూఫు ఎవరు చూశారిది?"

"నేనే సార్."

"చేప వచ్చిందే, అక్కడైనా ఆగలేదా?"

"ఆగాను సార్. కామా లేదు. పెట్టాను."

కింద ఎవరో టైరులో గాలి కొడుతున్నారు.

"నాకు వంట రాదు సార్" అంది ఆవిడ.

"రాకుండానే పంతొమ్మిదేళ్ళు?"

"అంతకు ముందు కూడా రాదు సార్."

ఆవిడ ముప్ఫై ఎనిమిది ఉత్తరాలూ బల్ల మీద పెట్టింది. పెద్దాయన పైనున్నది తీశారు. అది తాతగారిది. చదువుతూ చదువుతూ గోడ వైపు తిరిగారు. భుజాలు కదిలాయి. ఇటు తిరిగేసరికి ముఖం మామూలుగానే ఉంది, కళ్ళజోడు మాత్రం చేతిలో ఉంది.

"సవరణ నువ్వే రాయి. అది వచ్చాక నీ పేజీ సంగతి ఆలోచిద్దాం" అన్నారు.

ఉత్తరాలక్క రాసింది: 'గత సంచికలో అరటిపండు కేకు, చేపల సూపు చివరలు తారుమారయ్యాయి. అచ్చుకు ముందు చూసింది నేనే. నాకు వంట రాదు. క్షమించండి.' పెద్దాయన మూడో వాక్యం కొట్టేశారు. "పరువు పోతుంది" అన్నారు. ఎవరి పరువో చెప్పలేదు. ఆవిడ కాగితం వెనక్కి తీసుకుని తన బల్ల దగ్గర కూర్చుంది. చేపల సూపు గట్టిపడలేదని ఒక తాతగారు తనను తాను తప్పుపట్టుకున్నారు. లారీ డ్రైవరు కూతుర్ని తిట్టాడు. ఇంతమంది తమకే చేతకాలేదనుకుంటుంటే, చేతకానిది తనకని చెప్పడానికి ఆ మూడు మాటలు ఎక్కువ కావనిపించింది. ప్రూఫులు చూసే ఆయన కంటికి ఇంకా కట్టు ఉంది, ప్రూఫులు ఆవిడ దగ్గరే ఉన్నాయి. కొట్టేసిన వాక్యం మళ్ళీ చేరింది, అచ్చయింది.

పెద్దాయన దాన్ని అచ్చులోనే చూశారు. రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. అల్లుడు ఫోను చూసుకుని, సవరణ కింద కూడా అలవాటుగా ఆ నల్ల గుర్తు పడిందని, పంతొమ్మిది మంది ఐదేసి నక్షత్రాలు ఇచ్చారని మెల్లగా చెప్పి వెళ్ళిపోయాడు.

ఆ మరుసటి వారం పోస్టుమాన్ మెట్లెక్కి పైకి వచ్చాడు. ఎప్పుడూ కిందనుంచే కేకేసే మనిషి. సంచి దించి, మోకాళ్ళు పట్టుకుని, "ఏం వేశారమ్మా ఈసారి?" అని అడిగాడు.

కేకు గురించి ఒక్కరూ రాయలేదు. అందరూ ఉత్తరాలక్కకే రాశారు. 'వంట రాకపోవడం తప్పు కాదు తల్లీ, ముందు గుడ్డు ఉడకబెట్టడం నేర్చుకో.' 'గుడ్డు వద్దు, పగిలితే మనసు విరుగుతుంది. బంగాళాదుంపతో మొదలుపెట్టు.' 'నాకూ రాదు. పాతికేళ్ళుగా మీ పత్రిక చందాదారుణ్ణి. బొమ్మలు చూస్తాను.' తాతగారు మళ్ళీ రాశారు. ఉప్పు ఎప్పుడు వేయాలో మూడు పేజీలు. కింద ఒక మాట: 'ఈ వయసులో నాకు శిష్యురాలు దొరికింది. తొందరపడి నేర్చేసుకోకు.'

తీసెయ్యమని పెద్దాయన అనలేదు గనక, ఆవిడ వచ్చే సంచిక 'మీ మాట' పేజీకి పదకొండు ఉత్తరాలు ఏరింది. గుడ్డు ఎంతసేపు ఉడకాలన్న దగ్గర ఆరు నిమిషాలనేవాళ్ళు, పన్నెండు నిమిషాలనేవాళ్ళు కత్తులు దూసుకున్నారు. పక్కపక్కనే వేసింది. అల్లుడు వచ్చి ఆ కుప్ప చూసి, "వీటినన్నింటినీ నక్షత్రాల్లోకి మార్చొచ్చేమో అక్కా" అన్నాడు. ఆవిడ పన్నెండు నిమిషాలావిడ ఉత్తరం చేతికిచ్చింది. అతను మొదట నిలబడి చదివాడు, తర్వాత స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రెండోది తనే తీసుకున్నాడు.

ఆ సంచిక వచ్చిన మూడో రోజున పెద్దాయన వెనక గదిలోకి వచ్చారు. ఆయన ఆ గదిలోకి రావడం అరుదు. చేతిలో సంచిక 'మీ మాట' దగ్గర మడిచి ఉంది.

"అమ్మాయ్, ఈ పన్నెండు నిమిషాలావిడ ఎవరు?"

"పాఠకురాలు సార్."

"పచ్చి అబద్ధం. పన్నెండు నిమిషాలు ఉడికిస్తే రబ్బరు బంతి అవుతుంది. ఎనిమిది చాలు. వచ్చే నెల నేను చెప్పానని వెయ్యి."

"మీరు కూడా ఉత్తరంగా రాసివ్వండి సార్" అంది ఉత్తరాలక్క, చేతిలో కవరు చించుతూనే. "చోటుంటే చూస్తాను."

పెద్దాయన సంచిక చంకలో పెట్టుకున్నారు. ముందు గదిలోకి వెళ్ళిపోయారు. కాసేపటికి సొరుగులు ఒక్కొక్కటే తెరిచి మూస్తున్న చప్పుడు వినిపించింది. ఆయన కాగితం కోసం వెతుకుతున్నారు.