ఎడమ బుగ్గ మీది నీడ

పంతులమ్మ ఎప్పుడూ భర్తకు కుడిపక్కనే నడుస్తుంది. ఆమె ఎడమ బుగ్గ మీద, చిన్నప్పటి గాయం మానిన చోట, శనగగింజంత గుంట ఉంది. అది ఆయనకు తప్ప ఇంకొకరికి కనపడకూడదు. క్లాసులోనూ ఆ బుగ్గ బోర్డు వైపే ఉంటుంది. ఇవాళ చర్మం డాక్టరమ్మ గదిలో లైటు తీసేయించి, పక్కనుంచి టార్చి వేయించి, చేతికి అద్దం ఇచ్చింది. గుంటలో నల్లటి నీడ. సన్నని సూదితో గుంట నిండేలా కొలాజెన్ మందు ఎక్కిస్తుంటే ఆ నీడ అంచుల నుంచి కుంచించుకుపోతూ, చివరికి లేకుండానే పోయింది. పంతులమ్మ వేలితో తాకబోయి ఆగింది.

"ఆరు నెలలకు కరిగిపోతుందమ్మా, మళ్లీ రావాలి," అంది డాక్టరమ్మ.

వీధిలోకి రాగానే ఆమె, బయట ఎదురుచూస్తున్న భర్త చుట్టూ తిరిగి ఆయనకు ఎడమపక్కకు చేరింది.

"అటెందుకే, దారి తప్పావా?" అన్నాడాయన.

"ఆరు నెలలు ఇటే నడుస్తాను. అలవాటు చేసుకోండి."