రికార్డు దగ్గరికి ఎగిరొచ్చిన పత్తి

ఈ సాయంత్రం మా ముందుగదిలో జరిగింది మీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

జూలూరుపాడు దగ్గర మా ఊళ్లో ఇప్పుడు పత్తి ఏరుతున్నాం. ఏరిందంతా ముందుగదిలోనే కుప్ప పోశాం. ఆ పక్కనే బల్ల మీద మా ఆయన ముచ్చటపడి కొన్న రికార్డు ప్లేయరు ఉంది. చలికాలపు పొడిగాలికో ఏమో, వారం నుంచి పాట కన్నా చిటపటలే ఎక్కువ వినిపిస్తున్నాయి. దుమ్మే అనుకుని రికార్డును పొడిగుడ్డతో గట్టిగా తుడిచి పైకెత్తాను. కుప్ప మీది సన్నని పత్తి పోగులు వాటంతట అవే లేచి నిలబడ్డాయి. కొన్ని ఎగిరొచ్చి రికార్డుకు అతుక్కున్నాయి! నోరు తెరుచుకుని చూస్తూ కిటికీ ఇనుప చువ్వ పట్టుకున్నాను. చిటుక్కుమని వేలికి షాక్ కొట్టింది.

"ఏందే అది, నిప్పురవ్వ లెక్క మెరిసింది! ఏడాది కష్టమంతా ఈడనే ఉంది. జల్దీ బయటికి తియ్యి దాన్ని!" అని మా అత్తమ్మ అరిచింది.

ఆమె భయం నిజమే. వెంటనే ప్లేయరూ రికార్డూ వరండాలోకి చేర్చాను. చూస్తే అత్తమ్మ గుప్పెడు పత్తితో నా వెనకే వచ్చి నిలబడింది.

"ఏదీ, ఇంకోపాలి తుడువు."

తుడిచి దగ్గరికి తెచ్చాను. ఆమె అరచేతిలోని పోగులు మళ్లీ ఎగిరాయి.

"బుద్ధి తెలిసినప్పటి సంది వంగి వంగి ఏరుతున్న. ఒక్క పోగన్నా గిట్ల తనంతట తాను లేచొచ్చిందా?" అంది.

దీనికి జవాబు మీ దగ్గరుంటే చెప్పండి. ఆమె ఇంకా వరండాలోనే కూర్చుని రికార్డు తుడుస్తోంది.