బోవాది పరీక్షించిన చేతి కంప్యూటరు

కుమాసి నగరం బంటామా పేటలో శవపేటికలు చేసే బోవాదికి జీవితంలో ఒకటే నియమం: తాను స్వయంగా పరీక్షించనిదే ఏ వస్తువూ ఇంకొకరి చేతికి పోరాదు. సృష్టికర్త ఆరు దినాలలో సమస్తమూ ముగించి మంచిదని తానే ప్రకటించుకున్నాడు గనుక సరిపోయింది. ఆ పని బోవాదికి అప్పగిస్తే, సూర్యుడు సరిగా వెలుగుతున్నాడో లేదో అని అతడు చూస్తుంటే మనమింకా నాలుగో దినంలోనే ఉండేవాళ్లం.

చేసిన ప్రతి పేటికలోనూ పడుకుని చూస్తాడు. ఒకసారి అలాగే నిద్రపోయాడు. మూత ఎత్తిన బంధువులు కేకలు పెట్టి పరుగెత్తుతుంటే, లేచి కూర్చుని, "భుజాల దగ్గర ఇరుకుగా ఉంది. మీ నాన్నగారు లావా?" అని అడిగాడు. పొరుగువాణ్ణి గనుక కళ్లారా చూశాను.

మా అశాంటి తెగ వంశాలలో చెల్లెలి బిడ్డ చదువు మేనమామ బాధ్యత. కట్టడాల చదువులో సీటు వచ్చిన మేనకోడలు సేర్వా, అంగట్లో ఆటలాడే చేతి కంప్యూటరు చూపించి అదే కోరింది.

"కరెంటు పోయినా ఒళ్లో పెట్టుకుని చదువుకోవచ్చు మామయ్యా! లోపలున్నది మామూలు కంప్యూటరే."

"మరి అటూ ఇటూ ఈ గుండీలెందుకే?"

"అవి... పాఠాలు జరపడానికి."

"ఈ తెర మీద వాడిలా పాఠాలు తుపాకీ పట్టుకుని పరుగెడతాయా?"

ఉన్న డబ్బు ఒక్క యంత్రానికే. ఎంపిక తప్పితే సేర్వా ఏడాది పొడుగునా ఇతరులను బతిమాలి వారి కంప్యూటర్ల మీద ఇళ్ల నమూనాలు గీయవలసిందే. నచ్చకుంటే వెనక్కి ఇచ్చే షరతు మీద బోవాది దానిని తెచ్చి, రెండు వారాలు పరీక్ష అంటూ తానే ఉంచుకున్నాడు.

ఆదివారం పాస్టరుగారు యోబు సహనాన్ని వర్ణిస్తుండగా బోవాది ఒళ్లో తుపాకులు మోగాయి.

"ఏమిటయ్యా అది?"

"పరీక్ష, పాస్టరుగారూ! ఇక్కడ ఫ్యాన్లు లేవు కదా, ఎంత వేడెక్కుతుందో చూస్తున్నా."

శనివారానికి అందవలసిన పేటిక పై శనివారానికి జరిగింది. పోయినవాడు ఓపిక పట్టాడు గానీ అతని భార్య పట్టలేదు.

"చదువు పిల్లదా, నీదా అన్నయ్యా?" అని చెల్లెలు అడోమా కడిగేసింది. వయసు మీరిన బాలుడని నేనూ వెక్కిరించాను. దైవభక్తి గలవారికి వెక్కిరింత మరీ సులువు.

పదిహేనో రోజున మమ్మల్ని పిలిచి ఒక కాగితం పరిచాడు. దాని మీద కొలతలతో సహా ఒక శవపేటిక బొమ్మ. రోజూ విశ్వవిద్యాలయానికి పోయి, సేర్వా చేరబోయే విభాగం గుమ్మంలో కూర్చుని, పై తరగతి పిల్లలను బతిమాలి, నమూనాలు గీయడానికి వారు వాడే ప్రోగ్రామే ఆ యంత్రంలో పెట్టించుకున్నాడట. దాంతో తానే గీస్తే, పదకొండు పేటిక బొమ్మలు చెడిపోయాక పన్నెండోది కుదిరింది.

"మరి ఆ తుపాకులాట?" అంది అడోమా.

"ఒక మూడు రోజులు అవసరం కంటే ఎక్కువ పరీక్షించానులే," అని గొంతు సవరించుకున్నాడు. "యంత్రం గట్టిదే. గీస్తుంది. కరెంటు పోతే రెండు గంటలు లాగుతుంది. కానీ తెర అరచెయ్యంత. తలుపేదో కిటికీయేదో తెలియదు. కీబోర్డు, పెద్ద తెర ఉంటేనే చదువుకు పనికొస్తుంది."

సేర్వా ముఖం వాడిపోయింది. "వాటికి డబ్బెక్కడిది మామయ్యా? వెనక్కి ఇచ్చేద్దాం."

బోవాది మూలనున్న మూట విప్పాడు. పేటికల లోపల పరిచే తెల్లని పట్టుగుడ్డలో భద్రంగా చుట్టి ఉంది ఆయన సొంత టీవీ. పైన ఒక కొత్త కీబోర్డు.

"తీగ తగిలించి చూశాను. బ్రహ్మాండంగా ఉంది. హాస్టలుకు పట్టుకుపో."

"మరి మీరు ఫుట్‌బాల్ దేంట్లో చూస్తారు?"

ఆయన నా వైపు తిరిగి, నన్ను కొలిచినట్టు చూశాడు.

"ఈయనగారి టీవీ సంగతి నేనింకా పరీక్షించి తేల్చలేదు. శనివారం నుంచి వస్తా. ఏమయ్యా, మీ ఇంట్లో కుర్చీలు గట్టివేనా?"