నీరటి రెండోసారి చెప్పిన మాట

మా ఊరి నీరటి చనిపోయాడన్న కబురు నాకు పెబ్బేరు సంతలో అందింది. రెండు మేకలను అమ్ముదామని పోయి, బేరం కుదరక ఎండలో నిలబడి ఉన్నాను. మా ఊరి ఆటో అతను జనాన్ని తోసుకుంటూ వచ్చి, "అవ్వా, నీరటి తాత పోయిండు. వనపర్తి దవాఖాన నుంచి తీస్కొస్తున్నరు" అన్నాడు. బేరమాడుతున్న మనిషి మాత్రం "ఆఖరి మాట చెప్పమ్మా, ఆఖరి మాట" అని నా మీదికే వస్తున్నాడు. బేరం వదిలేశాను. మేకలను ఆటోలో ఎక్కించుకుని ఊరికి వచ్చేశాను.

నాకు చదువు లేదు. నేను చెబుతుంటే మా ఊరి ఆశా వర్కరు రాస్తున్నది. మెత్తగా రాయొద్దని ఆమెకు ముందే చెప్పాను.

నీరటి అంటే చెరువు తూము తీసేవాడు, మూసేవాడు. ఏ మడికి ఎప్పుడు, ఎన్ని నీళ్లు పోవాలో చూసేవాడు. మాది వనపర్తి జిల్లాకు ఆఖరి ఊరు. పైన చెరువు, కింద కృష్ణ. చెరువు అలుగు పారితే ఆ నీళ్లు వాగై ఊరి పక్కనుంచి పోయి నదిలో కలుస్తాయి. వాగు దాటితే నాగర్‌కర్నూల్ జిల్లా, నది దాటితే గద్వాల. మా వాడ ఆ వాగు ఒడ్డునే ఉంది.

ఆయన నాకు చుట్టం కాదు, కులమూ వేరే. నన్ను చెల్లె అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. నాకున్న అరెకరం ఆయకట్టు చివర ఉంది. పెద్దవాళ్ల మడులన్నీ తూము పక్కనే. చెరువులో నీళ్లు తక్కువున్న ఏడు ఆయన ముందు చివరి మడులు తడిపేవాడు. ఒకసారి తూము కింది పెద్ద రైతు కట్టెక్కి కేకలు పెట్టాడు.

"ఏందిరా, నీళ్లు నా మడి ముంగట్నుంచే పోతుంటె చూసుకుంట కూసోవాల్నా?"

"కూసోకు పటేలా, నిలవడి చూడు. తోక తడిసినంక తల ఎట్లయినా తడుస్తది. తల ముందుగాల తడిస్తె తోకకు చుక్క రాదు."

నా మగడు పోయిన ఏడు నేను నా పిల్లలకు బువ్వ పెట్టానంటే అది ఆ చివరి మడిలో పండిన వడ్లే. ఈ మాట ఆయన బతికుండగా ఆయనతో అనలేదు. ఇప్పుడు అంటున్నాను.

కట్ట మీద ఎప్పుడూ చెప్పులు వేసుకునేవాడు కాదు. కట్ట ఎక్కడ మెత్తబడిందో కాలికి తెలియాలట. భుజాన పార లేకుండా నేను ఆయన్ను చూడలేదు, ఒక్క పెండ్లిలో తప్ప. అక్కడ కూడా చెయ్యి మాటిమాటికీ ఖాళీ భుజం మీదికి పోయేది. మాట పొదుపు మనిషి. అదేదో గుణం కాదు, నీరటి కట్టుబాటు. నీళ్ల గురించి నీరటి ఊరికి ఒక్కసారే చెప్పాలి. ఊరు వింటే విన్నట్టు, లేకుంటే లేదు. ఊరు ఏది ఖాయం చేస్తే దానికే తూము తీయాలి. మళ్లీ మళ్లీ చెబితే అది కొట్లాట అవుతుంది. కొట్లాట పెట్టే నీరటిని ఏ ఊరూ నమ్మదు. వాళ్ల తాత నాటి నుంచి ఇదే పద్ధతి.

ఈ మధ్య ఏండ్లలో వాన తీరు మారింది. ముందు ఆయనకే తెలిసింది. "ముసురు పోయింది చెల్లె" అనేవాడు. పదిరోజులు పట్టే ముసురు కాస్తా ఒక్క పూటలో మీద పడిపోవడం, తర్వాత నెల రోజులు ఎండలు. ఆ ఒక్క పూట వానలకే వాగు రెండుసార్లు మా ఇండ్లలోకి వచ్చింది. మట్టి గోడలు కూలాయి. నా గింజల కుండలు వాగులో పోయాయి.

అప్పుడు బడి దగ్గర షామియానా వేసి మీటింగు పెట్టారు. ఆఫీసర్లు జీపుల్లో వచ్చి పెద్ద పటం కట్టారు. ఇక మీద ఊరికో ప్లాను, జిల్లాకో ప్లాను ఉండదని, నది పుట్టిన కాడి నుంచి సముద్రం దాకా ఒకే ప్లాను అని పెద్ద సారు చెప్పాడు. వానలు మారాయి కాబట్టి మనమూ మారాలి అన్నాడు. మాట మంచిదే. మా వాడను లేపి, వాగు నదిలో కలిసే చోట ఉన్న సర్కారు మైదానంలో స్లాబు ఇండ్లు కట్టిస్తామన్నాడు. వాగు పొడవునా కట్ట పోస్తారు కాబట్టి నీళ్లు రావన్నాడు. మా వాడంతా చప్పట్లు కొట్టింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేను.

నీరటి లేచి పటం దగ్గరికి పోయాడు. "సారూ, ఇందుల మా వాగేది?"

సారు పటం మీద వేలు పెట్టాడు. ఆ వేలు కింద వాగు, ఊరు, చెరువు అన్నీ మునిగిపోయాయి.

"కట్ట వాగును ఆపుతది సారూ. నది ఎనకనుంచి వస్తది. నది నిండినప్పుడు వాగు పోవడానికి తొవ్వ ఉండదు, మళ్లి ఎనక్కే నడుస్తది. మా వాగు తెచ్చేది ఎర్రమన్ను, ఆ మైదానంల ఉన్నది నల్లమన్ను. నల్లమన్ను ఎవరేసిన్రు? భీమ నది నుంచి కృష్ణల పడి వచ్చిన మన్ను అది. నిన్న మోకాలు లోతు తవ్వి పెట్టిన. జర వచ్చి చూడుండ్రి."

ఒక చిన్న వయసు ఆడ ఆఫీసరు పోయి చూసింది, ఫోటో కూడా తీసుకుంది. పెద్ద సారు తొందరలో ఉన్నాడు. "మరి ఎక్కడ కట్టమంటావు?" అని అడిగాడు.

"వాగు అవతల ఎత్తుమీద మొరం గడ్డ ఉన్నది సారూ. ఎన్నడూ తడవలే."

"అది నాగర్‌కర్నూల్ జిల్లా. మనది కాదు."

"నదికంత ఒక్కటే ప్లాను అంటిరి? నీళ్లు జిల్లా రాయి కాడ ఆగి కాయిదం చూపిస్తయా సారూ?"

జనం నవ్వారు. నేను నవ్వలేదు. ఈ ముసలాడు మాకొచ్చే ఇండ్లు పోగొడతాడని నాకు కడుపు మండింది. లేచి, అందరి ముందూ అన్నాను. "నీ ఇల్లు ఎత్తుమీద సల్లగున్నదన్నా. వాగు మా పొయ్యిలకు వచ్చింది గాని నీ పొయ్యిలకు రాలే. మాకు అడ్డం పడితె నీకేమొస్తది?"

ఆయన నా వైపు చూశాడు. "ఏం రాదు చెల్లె" అని కూర్చున్నాడు.

మైదానానికి ఒప్పుకుంటున్నామన్న కాగితం మీద మొదటి వేలిముద్ర నాది. నా వెనుక వాడంతా వేసింది. చివరకు కాగితం ఆయన దగ్గరికి పోయింది. ఊరు ఖాయం చేసింది కదా, కట్టుబాటు ప్రకారం ఆయనా వేశాడు. చూస్తూ ఉన్నాను. గెలిచానని అనుకున్నాను.

ఆ వానాకాలం ఆయన మా గుమ్మం ముందుకు వచ్చి, "చెల్లె, ఒక్కసారి రా" అన్నాడు. వెంట పోయాను. మాకు పైన చుక్క వాన లేదు, ఎండ కొడుతున్నది. మైదానం నిండా నడుము లోతు నల్లటి నీళ్లు. ఇండ్లకు పోసిన ముగ్గు గీతలు ఎక్కడున్నాయో తెలియదు. వాగులో ఎండుపుల్లలు ఊరి వైపుకు కొట్టుకువస్తున్నాయి. నీళ్లు వెనక్కి నడవడం నా కండ్లతో చూశాను. ఆయన "నేను చెప్పలేదా" అనలేదు. అని ఉంటే నాకు సగం తేలికయ్యేది. దగ్గుతూ, పార మీద ఆనుకుని నిలబడ్డాడు.

నేను వనపర్తి ఆఫీసుకు పోయాను. ఒకసారి కాదు. అక్కడి గుమాస్తా కాగితాలు తిప్పి, "ప్లాను ఖాయమైంది అవ్వా. మీరంతా ఒప్పుకున్నట్టున్నది. నీళ్ల సంగతి తెలిసినాయన గూడ ఒప్పుకున్నడు, ఇగో ఆయన వేలు" అన్నాడు. తవ్విన గుంత ఫోటో ఏదని అడిగితే ఆ ఆఫీసరు బదిలీ అయిందన్నాడు. నల్లమన్ను మాట ఆ కాగితాల్లో ఎక్కడా లేదు. మేము ఒప్పుకున్న మాట మాత్రం ఉంది.

చివరిసారి ఆయన్ను దవాఖానలో చూశాను. ముక్కుకు గొట్టం పెట్టారు. నేను మంచం అంచు పట్టుకుని నిలబడితే, కూర్చోమని చేత్తో చూపించాడు.

"చెల్లె, నేను తప్పు చేసిన."

"తప్పు నాదన్నా. నేనే గదా ముందుగాల ఏలు పెట్టింది."

"నీది కాదు. ఒక్కసారి చెప్పి ఊకునుడు చెర్వు కాడ నడుస్తది. చెర్వుకు ఊరు పక్కనే ఉంటది. తప్పయితె పొద్దుగూకేలోపట తూము మూస్తరు. ఇది నది. ఖాయం చేసెటోళ్లు ఏడనో ఉన్నరు. వాళ్లకు పదిసార్లు చెప్పాలె. మల్ల చెప్తున్న, రాయించు. ఆ మైదానంల పిల్లలను పండవెట్టొద్దు."

నీరటి తన బతుకులో ఒకే సంగతిని రెండోసారి చెప్పింది అదే. గొట్టం కింద నుంచి, గసపోసుకుంటూ. దాన్నే నేను ఇప్పుడు ప్లాను వేసిన సార్లకు రాయిస్తున్నాను. మా వాడను అవతలి మొరం గడ్డకు మార్చండి. రెండు జిల్లాల సార్లు ఒక్క పూట ఒకచోట కూర్చుంటే అయ్యే పని అది. నది అంతటికీ ఒకే ప్లాను వేయగలిగిన వాళ్లకు ఒక వాగు దాటడం కష్టమా? ఆ కాగితం మీద నా వేలు తప్పు, కొట్టేయండి. ఆయన వేలు ఊరి మాటకు కట్టుబడి వేసింది, దాన్ని సమ్మతి అనొద్దు. చనిపోయిన మనిషి సాక్ష్యం అని దాని వెనుక దాక్కోవద్దు.

ఆయన పోయిన తర్వాత తూము తీసేవాడు లేడు. ఎవరి మడికి వాళ్లు తీసుకుంటున్నారు. నా చివరి మడి ఈసారి నాటు పడలేదు.

మైదానంలో గోడలు నా భుజం ఎత్తు లేచాయి. అందులో నా కొడుకు ఇల్లు కూడా ఉంది. వద్దన్నాను. "కూలిన ఇంట్ల ఎన్నేండ్లుంటమమ్మా?" అన్నాడు. నిన్న పొద్దున పోయి చూశాను. వాడ ఆడవాళ్లంతా వాగులో నీళ్లు ముంచుకుని, వరసగా నడిచివచ్చి కొత్త గోడలకు కొడుతున్నారు. నీళ్లు పట్టకపోతే సిమెంటు గట్టిపడదు. నా కోడలు చంకన బిందెతో, "అత్తా, ఊకెనే నిలవడ్డవు, జర ఆ పక్క గోడకు నీళ్లు పొయ్యి" అన్నది. బిందె అందుకున్నాను. ఎట్లాగూ నది వస్తుంది, వచ్చిన నాడు ఈ గోడ కాసేపన్నా నిలవాలి. పోశాను. మళ్లీ ముంచుకొచ్చి పోశాను. పోసిన నీళ్లు పోసినట్టే గోడలోకి ఇంకిపోతున్నాయి.