భ్రమరాంబ గారి రూటర్‌కి రీసెట్ కొట్టాలా, వద్దా?

రెండు వేల ఇరవై మూడు. కల్లాల్లో మిరపకాయలు ఎండుతున్న రోజులు. చిలకలూరిపేటలో ఒక చిన్న ఇంటర్నెట్ ఆఫీసులో నేను ఫీల్డ్ టెక్నీషియన్‌ని. ఇళ్ళకు వెళ్ళి కనెక్షన్లు ఇవ్వడం, చెడిపోతే బాగుచేయడం నా పని. నా తర్వాత చాలా ఏళ్ళకు చేరిన ప్రసాద్‌దీ అదే పని. కానీ ఫోన్ చేసిన ప్రతివాళ్ళూ "ప్రసాద్‌ని పంపండి" అనేవాళ్ళు. పద్మని, అంటే నన్ను, పంపండి అని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. పైకి నవ్వేసేదాన్ని గానీ, కళ్ళల్లో కారం కొట్టినట్టుండేది.

రూటర్‌ని లోపలినుంచి నడిపించే సాఫ్ట్‌వేర్‌ని ఫర్మ్‌వేర్ అంటాం. దానికి కొత్త వెర్షన్ ఎక్కించడమే అప్‌గ్రేడ్. ఎక్కించాక ప్రసాద్ ప్రతి రూటర్‌కీ ఫ్యాక్టరీ రీసెట్ కొట్టేవాడు. అంటే వెనక చిన్న రంధ్రంలో పిన్ను గుచ్చి, పాత సెట్టింగులన్నీ తుడిచేసి, అట్టపెట్టెలోంచి తీసిన రోజు ఎలా ఉందో అలా చేసేయడం. ఆ తర్వాత యూజర్‌నేమ్, పాస్‌వర్డ్, వైఫై పేరు అన్నీ మళ్ళీ పెట్టుకోవాలి.

"పనిచేసేదాన్ని ఎందుకు కెలకడం?" అనేదాన్ని నేను.

"చెత్త ఊడవకుండా ముగ్గేస్తే ఏం బాగుంటుందక్కా?" అనేవాడు. ఆఫీసంతా నవ్వేది. ఆ నవ్వు కూడా అతనికే దక్కిందని నాకు ఒళ్ళు మండేది.

భ్రమరాంబ గారిది పురోహితుల ఇల్లు. ఆవిడ ఆన్‌లైన్‌లో సంగీత పాఠాలు చెబుతారు. మా ఆఫీసువాళ్ళు కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించినప్పటినుంచి పాఠం మధ్యలో వైఫై తెగిపోతోందని ఫిర్యాదు వచ్చింది. నేను వెళ్ళాను.

తలుపు తీస్తూనే, "ప్రసాద్‌ని పంపమన్నానే!" అన్నారావిడ.

"అతను వేరే ఊరు వెళ్ళాడండి. నేను చూస్తాను."

మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టాక అసలు బాధ బయటపెట్టారు. "పిల్లలు ఒక్కొక్కళ్ళే మానేస్తున్నారమ్మా. ఎక్కడికి పోతున్నారో తెలుసా? ఒంగోల్లో హరిత అని ఉంది, దాని దగ్గరికి. సరళీ స్వరాలు దానికి నేనే నేర్పాను. ఇప్పుడు అది నా పిల్లలకి చెబుతోంది. అడిగితే మీ క్లాసు ఆగిపోతోంది టీచర్‌గారూ అని వంక. నువ్వు నెట్ బాగుచెయ్యి, వాళ్ళని ఎలా వెనక్కి తెచ్చుకోవాలో నేను చూసుకుంటాను."

'దాని' అన్నప్పుడు ఆవిడ గొంతులో పలికిన మంట నాకు కొత్త కాదు.

బయటినుంచి వచ్చే ఫైబర్ సిగ్నల్ బాగుంది. ల్యాప్‌టాప్‌కి వైరు పెడితే నెట్ నిలకడగా వస్తోంది. వైఫైలోనే తెగుతోంది. పక్కిళ్ళ వైఫై అడ్డం పడుతోందేమోనని చానెల్ మార్చి చూశాను, లాభం లేదు. ఫర్మ్‌వేర్ పాతదానికీ కొత్తదానికీ చాలా తేడా ఉంది, పాత సెట్టింగులు కొత్తదానితో పొసగడం లేదని అర్థమైంది. మందు రీసెట్టే. ప్రసాద్ మందు! చెయ్యి రాలేదు. చివరికి సెట్టింగులన్నిటికీ బ్యాకప్, అంటే ఒక నకలు, తీసుకుని రీసెట్ కొట్టాను. వెంటనే ఆ బ్యాకప్‌ని తిరిగి ఎక్కించాను. ప్రసాద్ కూర్చుని టైప్ చేసేదంతా నేను ఒక్క నొక్కుడుతో ముగించానని సంబరపడుతూ ఇంటికెళ్ళాను.

మర్నాడు పొద్దున్నే భ్రమరాంబ గారి ఫోన్. "కొత్తగా చేరదామని వచ్చిన పిల్ల ముందు మళ్ళీ ఆగిపోయింది. ప్రసాద్ అయితే ఇలా చేసేవాడా?"

ఆ మాట విన్నాక ప్రసాద్‌కి ఫోన్ చేయడం కన్నా ఉద్యోగం మానేయడం తేలికనిపించింది. అయినా చేశాను.

"రీసెట్ కొట్టాక బ్యాకప్ ఎక్కించారా అక్కా?"

"ఎక్కించాను."

"అందులో ఉన్నవి పాత సెట్టింగులేగా. ఊడ్చిన చెత్త మళ్ళీ తెచ్చి పోసినట్టయింది. ఈసారి రీసెట్ కొట్టి, అన్నీ చేత్తో టైప్ చెయ్యండి."

గొంతులో వెటకారం లేదు. ఉంటే కోప్పడటానికైనా వీలుండేది.

వెళ్ళి అలాగే చేశాను. ఆవిడ వీడియో కాల్‌లో వాళ్ళ చెల్లెలికి ఒక వర్ణం మొదటినుంచి చివరిదాకా పాడి వినిపించారు. ఎక్కడా తెగలేదు. నా సామాను సర్దుకుంటుంటే, "ఆగమ్మా, హరిత తన క్లాసు ఒకటి వీడియో పెట్టిందట. అది కూడా ఆగకుండా వస్తుందేమో చూద్దాం" అన్నారు.

ఇద్దరం చూశాం. ఒక చిన్నపిల్ల ఒకే చోట మళ్ళీ మళ్ళీ తప్పుతోంది. తప్పినప్పుడల్లా హరిత నవ్వుతూ మళ్ళీ పాడి చూపిస్తోంది. పిల్ల చివరికి సరిగ్గా పాడి, చప్పట్లు కొట్టుకుంది.

భ్రమరాంబ గారు పెదవులు బిగించి చూస్తున్నారు. "నేనయితే రెండోసారికే కసిరేదాన్ని" అన్నారు. "పిల్లలు నెట్ వల్ల వెళ్ళలేదమ్మా."

నేను సామాను సంచీలో పెట్టుకుని లేచాను.

కొంతకాలానికి ఆ వీధిలోనే పనిపడి ఆవిడని పలకరించాను. వెళ్ళిపోయిన పిల్లలు తిరిగి రాలేదట. కానీ కొత్తవాళ్ళు చేరుతున్నారు, చేరినవాళ్ళు ఉంటున్నారు. "అసూయ పోయిందనుకోకు. ఆ హరిత గొంతు వింటే ఇప్పటికీ నాకు అన్నం సయించదు. అయినా అది పెట్టే ప్రతి వీడియో చూస్తున్నాను. ఎలా చెబుతోందో తెలియాలిగా!" అన్నారు.

అప్‌గ్రేడ్ తర్వాత రీసెట్ కొట్టాలా అని ఇప్పుడు నన్ను ఎవరైనా అడిగితే ఇలా చెబుతాను. చిన్నచిన్న సవరణలతో వచ్చిన అప్‌గ్రేడ్ అయి, నెట్ బాగా వస్తుంటే దాని జోలికి పోవద్దు. ఫర్మ్‌వేర్ బాగా మారిపోయినా, ఎక్కించిన దగ్గర్నుంచి ఇబ్బంది మొదలైనా కొట్టాల్సిందే. ముందు యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ దగ్గర పెట్టుకోండి. పాత బ్యాకప్ ఎక్కించకుండా ఓపిగ్గా చేత్తో పెట్టుకోండి. సగం నా మాట నిజమైంది, సగం ప్రసాద్‌ది. అతని సగమే కాస్త పెద్దదని ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అతని మీద మంట చల్లారలేదు. కాకపోతే, అతను పనిచేస్తుంటే ఇదివరకు మొహం తిప్పుకునేదాన్ని. ఇప్పుడు కుర్చీ దగ్గరికి లాక్కుని చూస్తున్నాను.