నేను కుట్టించిన ఆకుపచ్చ చొక్కాలు

నాకు కోపం ఎక్కువ. హైదరాబాదులో ఖరీదైన దసలి పట్టు చీరల సంస్థను ఇన్నేళ్లు ఆ కోపంతోనే నడుపుకొచ్చాను. రంగు పిసరంత తేడా వచ్చినా చీరను కత్తెరతో అడ్డంగా చీల్చి డిజైనర్ ముఖాన కొట్టేదాన్ని. రంగు విషయంలో నా కన్ను తప్పు చేయదని మిడిసిపడేదాన్ని.

ఆ పట్టు పుట్టేది చర్ల అవతలి అడవిలో. అక్కడి కోయ కుటుంబాలు మద్ది చెట్ల మీద పట్టుపురుగుల్ని పెంచేవి. తెల్లారింది మొదలు పొద్దుగూకేదాకా కాపలా కాసి, పిట్టల్ని వడిసెలతో తోలాలి. పురుగు గూడు కట్టేదాకా ఎర్రబట్ట, తెల్లబట్ట కట్టుకుని ఎవరూ ఆ చెట్లలోకి వెళ్లరు. పురుగు బెదిరి మేత మానేస్తుందని వాళ్ల నమ్మకం. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, వాళ్ల పెద్దాయన ఒంటిమీది చిరుగులు చూసి నాకు జాలేసింది. గోడౌన్లో మిగిలిన మందపాటి బట్టతో అందరికీ చొక్కాలు కుట్టించి పంపాను. ముదురు ఆకుపచ్చ, చెట్లలో కలిసిపోయే రంగు. భుజాల మీద పట్టీలు, రెండు జేబులు కూడా నేనే గీసిచ్చాను.

నెల తిరక్కుండా పట్టుకాయలు చూసుకుందామని జీపులో వెళ్తే, పెద్దాయన భార్య దారికి అడ్డం పడింది.

"నువ్విచ్చిన అంగీ ఏసుకున్నడని పోలీసోళ్లు గుంజుకపోయిండ్రమ్మా. అన్నలల్ల కలిసిండని కొడుతుండ్రు. జల్దీ పోయి చెప్పు, సంపుతరు!"

రంగుల మీద బతికే నేను, ఆ అడవిలో ఆ రంగు తొడుక్కునేది ఎవరో ఒక్కసారైనా ఆలోచించలేదు. ఒళ్లు మండిపోయింది. ఆ పోలీసుల సంగతి తేలుస్తానని వాళ్ల క్యాంపు దాకా తిట్టుకుంటూనే వెళ్లాను.

రేకుల షెడ్డులో పెద్దాయన్ను బోర్లా పడేశారు. అరికాళ్లు చిట్లి నేలంతా నెత్తురు. చొక్కా వీపు మీద పేలికలైంది. అధికారి మర్యాదగానే నాకు కుర్చీ వేయించాడు.

"అన్నలకు యూనిఫాం ఎవరు పంపుతుండ్రో గదే అడుగుతున్నం మేడం. పేరు దొరికితే కేసు వాళ్ల మీదనే. మీకేమన్న తెలుసా?"

కేసు, పేపర్లు, మూతబడే షోరూములు, అన్నీ ఒక్కసారి కళ్ల ముందు తిరిగాయి. అంతలో నేల మీంచి పెద్దాయన గొంతు లేచింది.

"ఆ అమ్మకేం తెల్వదు సారూ. నేనే సంతల కొన్న."

లాఠీ అరికాలి మీద పడింది. మళ్లీ పడింది. ఆయన పళ్లు బిగించి మూలిగాడు. మూడోది మడమ మీద పడ్డప్పుడు ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. నాలుగోది పడ్డాక గానీ నాకు మాట రాలేదు.

"నేనే ఇచ్చాను! నేనే కుట్టించాను!" అని అరిచాను.

అదే కాగితం మీద రాసి సంతకం పెట్టాను. సాయంత్రానికి ఆయన్ను వదిలారు. నన్ను మూడు రోజులు ప్రశ్నించి, పెద్దవాళ్ల ఫోన్లు వచ్చాక వదిలేశారు. ఆయన మాత్రం మళ్లీ మద్ది చెట్టు ఎక్కలేదు.

అడవి మనిషి కోసం కేసుకు తెగించిన ఆడదని తర్వాత సభల్లో నాకు శాలువాలు కప్పారు. నేను నోరు తెరిచేలోపు నాలుగు దెబ్బలు పడ్డాయని ఏ సభలోనూ చెప్పలేదు, సిగ్గేసింది. ఆయనకు తెలుసు. నేను వెళ్లినప్పుడల్లా కట్టె పట్టుకుని కుంటుకుంటూ ఎదురొచ్చి, "బాగున్నవా అమ్మా" అని అడిగేవాడు.