ముప్పయ్యో కిలోమీటరు దగ్గరి సీసా

కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాల అంచులు అరగదీసే ఆవిడను తోటివాళ్ళు గ్రాములమ్మ అనేవారు. మధ్యాహ్నం డబ్బా విప్పితే చాలు, పక్కనే చిన్న త్రాసు ప్రత్యక్షమయ్యేది. "తిండా, బంగారమా?" అని కౌంటరు మీది ఆవిడ ఆటపట్టిస్తే, "నాకు రెండూ ఒకటే అక్కా" అని నవ్వేసేది.

పదకొండో ఏట ఆమె ఒంట్లో ఇన్సులిన్ తయారవడం ఆగిపోయింది. సూది పట్టుకుంటే నాన్నకు చేతులు వణికేవి. నేర్చుకున్నది పదిహేనేళ్ళ అన్నయ్యే. ముందు ఉత్త సూది తన పొట్టలో గుచ్చుకుని, "చూశావా, చీమ కుట్టినట్టే" అన్నాడు. అప్పట్నుంచి ఆమెకు అన్నయ్య మాటంటే మాటే.

ముప్పై నాలుగో ఏట ఆమెకు పరుగు పిచ్చి పట్టుకుంది. అదీ నలభై రెండు కిలోమీటర్ల పరుగు. అంతసేపు పరుగెత్తితే రక్తంలో చక్కెర కరిగిపోతుంది కాబట్టి ముందే ఇన్సులిన్ తగ్గించుకోవాలి, దారిలో గంటకు నలభై అయిదు గ్రాముల గ్లూకోజు తాగాలి. ఈ లెక్క కుదరడానికి ఏడాది పట్టింది. ఆమె తూచి పొట్లాలు కట్టి ఇచ్చేది. అన్నయ్య వాటిని నిమ్మరసం, ఉప్పు వేసిన నీళ్ళలో కలిపి, స్కూటరు మీద ముందు వెళ్ళి నిలబడి అందించేవాడు. మొదటి పరుగు అలాగే పూర్తిచేసింది.

రెండోదానికి ఆదివారాలు సాధన మొదలయ్యాక లెక్క తప్పసాగింది. అవే గ్రాములు, అదే దూరం. అయినా ఇరవయ్యో కిలోమీటరుకల్లా కాళ్ళు తేలిపోయేవి, చక్కెర ఎంతుందో చూపడానికి భుజానికి అంటించుకున్న సెన్సరు గోలపెట్టేది. ఆ భయంతో రాత్రి వేసుకునే ఇన్సులిన్ కూడా తగ్గించేసింది. దాంతో పొద్దున లేచేసరికి చక్కెర ఎక్కి కూర్చునేది. మూడు నెలల సగటు చూసి డాక్టరమ్మ మండిపడింది.

"నీ జాగ్రత్త ఏమైపోయింది? కంటి వెనక రక్తపు చుక్కలు కనబడుతున్నాయని కిందటిసారే చెప్పానా లేదా?"

గ్రాములమ్మ తల వంచుకుని విన్నది. పక్క కుర్చీలో అన్నయ్య కూడా తల వంచుకునే ఉన్నాడు.

బయటికొచ్చి ఆసుపత్రి మెట్ల మీద కూలబడింది. "నా ఒళ్ళే నాకు ద్రోహం చేస్తోంది అన్నయ్యా. చిన్నప్పుడోసారి చేసింది చాలదా?"

అతను వీపు నిమిరాడు. "పోనీ, ఈ పరుగులు మానెయ్యరాదూ?" అన్నాడు.

ఆమె మానలేదు. పరుగు రోజు ముప్పయ్యో కిలోమీటరు దగ్గర అన్నయ్య అందించిన సీసా పరుగులోనే తెరిచింది. కాస్త ఎడమ చేతి మీద ఒలికింది, మిగతాది గటగటా తాగింది. రెండు కిలోమీటర్లు పోయేసరికి రోడ్డు పక్కన స్తంభాలు ఊగసాగాయి. ఫోన్‌లో చూస్తే చక్కెర యాభై ఎనిమిది, బాణం గుర్తు ఇంకా కిందికే. నడుము సంచీలోని గ్లూకోజు బిళ్ళలు కుడిచేత్తో నోట్లో వేసుకుని అక్కడే కూర్చుండిపోయింది. ఎవరో రెక్క పట్టుకుని వైద్యుల గుడారంలోకి తీసుకెళ్ళారు.

"వేలి రక్తం తీసి చూడాలి, ముందు చేతులు కడుక్కో. తీపి అంటుకుని ఉంటే రీడింగు తప్పు చూపిస్తుంది," అంది నర్సు.

కడుక్కోబోతూ ఆగిపోయింది. గ్లూకోజు నీళ్ళు ఒలికి ఆరితే వేళ్ళు ఒకదానికొకటి అతుక్కుపోవాలి. ఎడమ చేతి వేళ్ళు రుద్ది చూసింది. జిగట అంతగా లేదు. నాకి చూస్తే తియ్యగానే ఉంది.

అప్పటికి అన్నయ్య రొప్పుతూ లోపలికొచ్చాడు.

"సీసాలో ఏం కలిపావు?"

"నువ్విచ్చిందే."

"నా మొహం చూసి చెప్పు."

అతను గుడారం తాడు వంక చూశాడు. "కొంచెం తగ్గించాను. తీపి తెలియాలని, టీలో వేసుకుంటారే, చక్కెర లేని తీపి బిళ్ళలు, అవి వేశాను."

"ఎంత తగ్గించావు?"

"పావు వంతు ఉంచాను."

"ఎప్పట్నుంచి?"

"నీ కంట్లో చుక్కలన్నప్పట్నుంచి. పోయినసారి పరుగయ్యేసరికి చక్కెర రెండొందల డెబ్బై లేదూ? అంత చక్కెర తాగితే చూపు పోతుందని భయమేసింది. చెబితే వింటావా నువ్వు?"

నర్సు ఊరుకోలేకపోయింది. "ఏమయ్యా, దారిలో స్పృహ తప్పి పడిపోతేనో?"

"అంకె నా ఫోన్‌లోనూ కనిపిస్తుందండీ. చూస్తూనే ఉన్నాను."

గ్రాములమ్మ మనసు అక్కడ విరిగింది. చూస్తూనే ఉన్నాడు. ఆ ఆదివారాలన్నీ అంకె జారిపోతుంటే చూస్తూనే ఉన్నాడు. పాపం, ఒళ్ళు ఏ తప్పూ చెయ్యలేదు.

"డాక్టరమ్మ నన్ను తిడుతుంటే పక్కనే ఉన్నావు కదా అన్నయ్యా," అంది మెల్లగా. ఆమె కేకలు వెయ్యలేదు. తన అంకె అతని ఫోన్‌లో కనబడకుండా అక్కడే తీసేసింది.

రాత్రి ఇన్సులిన్ మళ్ళీ మునుపటి మోతాదుకు తెచ్చుకుంది. సగటు దారికొచ్చింది, కంటి చుక్కలు పెరగలేదు. ఏడు నెలల తర్వాత, తనే కలుపుకున్న సీసాలు నడుముకు కట్టుకుని, ఆ బరువుకు తుంటి ఒరుసుకుపోతున్నా, అయిదుగంటల నలభై నిమిషాల్లో పరుగు పూర్తిచేసింది. అన్నయ్యకు తేదీ చెప్పలేదు.

ఎవరి ద్వారానో తెలిసి దుకాణానికి వచ్చాడు. "ఒక్క మాట చెబితే వచ్చేవాణ్ణి కదే."

"నువ్వూ ఒక్క మాట చెప్పి ఉండాల్సింది."

మిషను ఆపి కుర్చీ వేసింది, మంచినీళ్ళు ఇచ్చింది. వదిన మోకాలి నొప్పి సంగతి అడిగింది. నీళ్ళు తాగి, అతను బెరుగ్గా అడిగాడు: "పరుగయ్యాక చక్కెర ఎంతుంది?"

"బాగానే ఉన్నాను," అంది. అంకె మాత్రం చెప్పలేదు.